యాభై రెండో ఏట ఈత

ఆ రోజు మా చీరల కొట్లో నన్ను ఇద్దరు కస్టమర్లు చెరో చెయ్యి పట్టుకుని పైకి లేపారు.

పెళ్ళిళ్ళ రోజులు. పామర్రు నుంచి ఒక కుటుంబం బట్టలకని వచ్చింది. పెళ్ళికూతురు, తల్లి, మేనత్త. పరుపు మీద కూర్చుని రెండు గంటలపాటు చీరలు విప్పి చూపించాను. అన్నీ నచ్చాయి. బిల్లు రాయడానికి లేవబోతే మోకాళ్ళు మాట వినలేదు. ఒక చెయ్యి నేలకి ఆనించాను, రెండోది బీరువా అంచుకి వేశాను. అయినా లేవలేకపోయాను. నవ్వుతూనే మళ్ళీ ప్రయత్నించాను. మూడోసారికి ఆ నవ్వు కూడా రాలేదు. పెళ్ళికూతురు తల్లి నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదే అయ్యుంటుంది. చటుక్కున లేచి, "ఉండండమ్మా, ఉండండి" అంటూ నా రెక్క పట్టుకుంది. మేనత్త రెండో పక్కకి వచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను నిలబెట్టారు.

తర్వాత వాళ్ళు ఆ సంగతి ఎత్తలేదు. చీరల గురించే మాట్లాడుతూ వెళ్ళిపోయారు. అలా ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడు నాకు యాభై ఒకటి నిండి రెండు నెలలు.

మాది చేనేత కుటుంబం. మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. చిన్నప్పుడు నేనూ నూలు కండెలు చుట్టాను. పెళ్ళై భవానీపురం వచ్చాక నా పని మారింది కానీ బట్ట మాత్రం నన్ను వదల్లేదు. ఇంటి ముందు గదిలోనే చీరల కొట్టు. మా ఆయన పొద్దున్నే హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళి సరుకు చూసుకుని వస్తాడు, కొట్లో కూర్చునేది నేను. ముప్పై ఏళ్ళు అదే పరుపు మీద కూర్చున్నాను. వచ్చినవాళ్ళకి టీ తెప్పించినప్పుడల్లా నాకూ ఒకటి. రోజుకి ఎనిమిదో తొమ్మిదో అయ్యేవి, అన్నీ చక్కెర వేసినవే. పొద్దున టిఫిను ఏ పదకొండింటికో. పక్కన ఎప్పుడూ ఒక మిక్స్చర్ డబ్బా. కొట్టు కట్టేసి అన్నం తినేసరికి పదిన్నర. తిన్న చెయ్యి ఆరకముందే పడక.

ఒళ్ళు ఎలా పెరిగిందో మనసూ అలాగే చిరాకు పట్టిపోయింది. చీర మడత సరిగా పెట్టలేదని పనమ్మాయి మీద అరిచేదాన్ని. ఒకటికి రెండుసార్లు అడిగిన కస్టమర్ మీద కసురుకునేదాన్ని. తర్వాత లోపలికి వెళ్ళి, ఎందుకో తెలియకుండానే ఏడ్చేదాన్ని. ఇదంతా వయసు వల్లే అనుకున్నాను.

చీరలు కొన్నవాళ్ళు లేపి నిలబెట్టిన ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రే చూసింది, రక్తపరీక్ష చూసింది, నా బరువు చూసింది. షుగర్ ఎప్పుడో వచ్చేసింది, నేనే చూపించుకోలేదు.

"రేపట్నుంచి వాకింగ్ మొదలుపెడతానండీ" అన్నాను, ఆవిడ తిట్టకముందే.

"ఈ మోకాళ్ళతో నడక వద్దు. ఇంకా అరుగుతాయి. మీరు నీళ్ళలో దిగండి. నీళ్ళలో బరువు మోకాళ్ళ మీద పడదు. ఈత నేర్చుకోండి."

"నాకు నీళ్ళంటే భయమండీ."

"ఆపరేషన్ అంటే?"



నీళ్ళ భయం నాకు తొమ్మిదో ఏట పట్టుకుంది. మా అమ్మ కాలవ మెట్ల మీద బట్టలు ఉతుకుతుంటే పక్కన నిలబడి ఆడుకుంటున్నాను. పాచి మీద కాలు జారింది. పచ్చటి నీళ్ళు కళ్ళ మీదుగా మూసుకుపోవడం ఒక్కటే గుర్తు. మా అమ్మ జడ పట్టి లాగింది. ఆ జడ ఉండబట్టి బతికానని ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ తర్వాత చీలమండ మునిగే నీళ్ళలో ఎప్పుడూ దిగలేదు. కృష్ణ మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. పుష్కరాలకి దేశమంతా వచ్చి మునిగినా, నేను మాత్రం మెట్టు మీద కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు. "నువ్వు ఈతా? బాత్రూములో బకెట్టు నిండితేనే వణుకుతావు కదే!"

అత్తయ్య మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడ నవ్వలేదు. "ఏ డాక్టరు చెప్పింది?" అని మాత్రం అడిగింది.

మా ఇంటికి ఆటోలో పావుగంట దూరంలో ఒక ఈతకొలను ఉంది. అక్కడ ఆడవాళ్ళకి పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ప్రత్యేకంగా బ్యాచ్ ఉందని తెలిసింది. పాత కాటన్ చుడీదార్ వేసుకుని వెళ్ళాను. నేర్పేది ఆడపిల్లే, పాతికేళ్ళు ఉంటాయేమో. బక్కగా, నల్లగా, మెడలో విజిల్‌తో ఉంది. నన్ను మెట్ల దగ్గరే ఆపేసింది.

"ఆంటీ, కాటన్ కుదరదండీ. నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, కాళ్ళకి చుట్టుకుంటుంది. కాస్ట్యూమ్ ఉండాలి. ఒళ్ళంతా కప్పేది కూడా ఉంటుంది, సిగ్గుపడక్కర్లేదు."

"నా సైజుకి దొరుకుతుందా అమ్మాయ్?"

ఆ పిల్ల నన్నొకసారి చూసి నిజమే చెప్పింది. "వెతకాలండీ."

నాలుగు షాపులు వెతికాను. ఒకచోట కుర్రాడు ఉన్నవాటిలో పెద్దది తీసి చూపించాడు, అది నా ఒక కాలికి సరిపోయేలా ఉంది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ బట్టలు చూపించిన మనిషిని. నా ఒంటికి సరిపడే గుడ్డ బజార్లో లేదు. ఇంటికొచ్చి, "దొరకలేదు, ఇక ఆ సంగతి వదిలెయ్యండి" అన్నాను. చెప్పొద్దూ, లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది. తప్పు నాది కాదు కదా.

మా ఆయన రెండు రోజులాగి మార్కెట్ నుంచి వస్తూ ఒక నల్లటి గుడ్డ తెచ్చాడు. సాగే గుడ్డ. రెండు చేతులతో పట్టుకుని లాగి, వదిలి, నాకు చూపించాడు.

"ఇది నీళ్ళు పట్టదు. లెగ్గింగ్స్ కుట్టే ఒకావిడ ఉంది, అడిగాను. దీనికి మొన గుండ్రంగా ఉండే సూది కావాలట, మామూలు సూదైతే కుట్టు తప్పుతుందట. ఆవిడ దగ్గర ఉంది. కొలతలు ఇస్తే కుట్టేస్తానంది." అని టేపు తీశాడు. "ఇలా నిలబడు."

వీపు, భుజం, నడుము, తొడ, అన్నీ ఆయనే కొలిచాడు. ఒక్కో అంకె చీటీ మీద రాసుకున్నాడు. ఒక్క అంకెకీ పెదవి విరవలేదు, నవ్వలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నా కొలతలు తీసుకోవడం అదే మొదటిసారి. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ కిందకి కాళ్ళు, నడుము చుట్టూ చిన్న కుచ్చిళ్ళు పెట్టించాడు. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే సిగ్గనిపించలేదు. యూనిఫారం వేసుకున్నట్టు ఉంది.

మొదటి మూడు వారాలూ నేను ఈదింది లేదు. నడుం లోతు నీళ్ళలో గట్టు రాడ్ పట్టుకుని నిలబడ్డాను, అంతే. చుట్టూ నా కూతురి వయసు వాళ్ళు అటూ ఇటూ ఈదుతుంటే వాళ్ళు లేపిన అలకే నా గుండె జారిపోయేది. ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలమనేది ఆ అమ్మాయి. పెట్టేదాన్ని, అర క్షణంలో తీసేసేదాన్ని. ఆ పచ్చటి నీళ్ళు మళ్ళీ కళ్ళ మీదకి వచ్చేవి.

"ఆంటీ, నీళ్ళు లేపుతాయండీ. మీరే వాటి పని వాటిని చేసుకోనివ్వట్లేదు. భుజాలు చూడండి ఎలా బిగపట్టారో!"

"భయం నా చేతుల్లో లేదమ్మా."

"భయం పోవక్కర్లేదు. భయపడుతూనే ముఖం పెట్టండి. పది లెక్కపెట్టండి. రేపు పదకొండు."

ఆ పిల్ల కృష్ణ ఒడ్డునే పుట్టింది. తండ్రి చేపలు పడతాడు. నడక వచ్చినప్పుడే ఈత వచ్చిందట. అలాంటి పిల్లకి నా భయం వింతగా ఉండాలి, కానీ ఒక్కసారీ వెక్కిరించలేదు. ఒక్క విషయంలో మాత్రం గట్టిది. రాని రోజు ఫోన్ చేసేది. "ఈత రాకపోయినా పర్లేదు ఆంటీ, మీరు మాత్రం రండి" అనేది.

మా నాన్న గుర్తొచ్చేవాడు. ఆయన తెల్లవారుజామున ఐదింటికల్లా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేవాడు, జ్వరం వచ్చినా సరే. "చెయ్యబుద్ధి అయ్యేదాకా కూర్చుంటే మగ్గానికి బూజు పడుతుందే" అనేవాడు. ఆ మాట చిన్నప్పుడు విని ఊరుకున్నాను. నీళ్ళలో నిలబడి పది లెక్కపెడుతుంటే అప్పుడు తెలిసింది, ఆయనకి కూడా రోజూ చెయ్యబుద్ధి అయ్యేది కాదని.

పది ఇరవై అయింది, ఇరవై నలభై అయింది. మరో సంగతి కూడా జరిగింది, దాన్ని నేను అనుకుని చెయ్యలేదు. ఒక పొద్దున, అంతకుముందు రాత్రి ఆలస్యంగా తిన్న బిర్యానీ కడుపులో ఉండగానే నీళ్ళలో దిగాను. ముఖం వంచేసరికి కడుపు తిప్పింది. పరుగున బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ సిగ్గుకి రాత్రి అన్నం ఏడున్నరకి మార్చాను. ఏడున్నరకి తింటే పదింటికి నిద్ర వచ్చేది. పదింటికి పడుకుంటే ఐదింటికి మెలకువ వచ్చేది. కొట్టు తొమ్మిదింటికే కట్టెయ్యాల్సి వచ్చింది. కస్టమర్లు పోతారని మా ఆయన నాలుగు రోజులు గొణిగాడు. ఎవరూ పోలేదు, కాస్త ముందు రావడం నేర్చుకున్నారు. చక్కెర టీలు మాత్రం ఒక్కరోజులో మానలేదు. ఎనిమిది నుంచి ఐదు, ఐదు నుంచి రెండు. చివరికి ఆ రెండూ చక్కెర లేకుండా. మొదటి వారం ఆ టీ కషాయంలా ఉండేది. ఇప్పుడు చక్కెర వేసిన టీ ఎవరైనా ఇస్తే నోరంతా వెగటుగా ఉంటుంది. మిక్స్చర్ డబ్బా స్థానంలో వేయించిన శనగలు పెట్టాను. రుచి అంత లేదు కాబట్టి గుప్పెడుతో ఆగిపోయేదాన్ని.

రెండో నెలలో దెబ్బ తగిలింది.

ఆ రోజు రాడ్ వదిలి, నీళ్ళలో తేలే పలక పట్టుకుని, కాళ్ళు ఆడిస్తూ నాలుగు గజాలు వెళ్ళాను. పక్క నుంచి ఎవరో వేగంగా వచ్చి నా చేతికి తగిలారు. పలక జారిపోయింది. కాళ్ళు కిందకి పెడితే నేల అందుతుంది, అది నడుం లోతే. కానీ ఆ క్షణాన నాకు నేల సంగతే గుర్తు లేదు. నోరు తెరిచాను, నీళ్ళు లోపలికి పోయాయి. చేతులు కొట్టుకున్నాను. ఆ అమ్మాయి దూకి నా చంకల కింద చేతులు వేసి లేపింది. గట్టు మీద కూర్చుని దగ్గుతూ ఏడ్చాను. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఎవరో, "ఈ వయసులో ఎందుకండీ ఈ సాహసాలు" అన్నారు, జాలిగానే.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు వెళ్ళలేదు. ఫోన్ మోగితే ఎత్తలేదు. పెళ్ళిళ్ళ సీజన్ అన్నాను, జలుబన్నాను. టీ మళ్ళీ ఐదుకి వచ్చింది. రాత్రి అన్నం మళ్ళీ పదింటికి చేరింది. ఒకరోజు మధ్యాహ్నం పనమ్మాయి మీద అరిచి లోపలికి వస్తే, అత్తయ్య మంచం మీంచి పిలిచింది.

"ఇలా కూర్చో."

కూర్చున్నాను.

"నాకు మోకాళ్ళు పట్టేసింది ఎప్పుడో తెలుసా? సరిగ్గా నీ వయసులో. మీ మామయ్య ఉన్నాడు, నువ్వున్నావు, అన్నీ మంచం దగ్గరికే వచ్చేవి. ఒక వారం కూర్చుంటే తగ్గుతుంది అనుకున్నా. పాతికేళ్ళైంది. ఇంకా కూర్చునే ఉన్నా." అంది. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. లెక్క చెప్పినట్టే చెప్పింది. "నన్ను ఎవరూ నీళ్ళలో దిగమన్లేదు. అంటే దిగేదాన్నో లేదో నాకూ తెలీదు. నిన్ను అన్నారు. నువ్వు దిగావు."

"మునిగిపోయానత్తయ్యా."

"నడుం లోతులో ఎవరే మునిగేది? రేపు నేనూ వస్తా. గట్టు మీద కూర్చుంటా. మునిగితే కర్ర అందిస్తా."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మర్నాడు ఆరున్నరకల్లా ఉతికిన చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో సిద్ధంగా ఉంది. మా ఆయన ఆటోలో ఎక్కించాడు. పూల్ దగ్గర వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. నేను నీళ్ళలో, ఆవిడ గట్టున, ఒళ్ళో జపమాల. నేను ముఖం వంచితే జపం ఆపేది. పైకి లేస్తే మళ్ళీ మొదలుపెట్టేది. వారం తిరక్కుండానే ఆ బ్యాచ్‌లో అందరికీ ఆవిడ మామ్మగారయింది. ఎవరు ఎన్ని రౌండ్లు కొట్టారో నాకన్నా ఆవిడకే బాగా తెలిసేది. "ఆ పచ్చ టోపీ పిల్ల ఇవాళ రెండు తక్కువ కొట్టింది, నిద్ర చాల్లేదేమో" అనేది ఆటోలో వస్తూ.

ఆవిడ చూస్తుండగా మానెయ్యడం నావల్ల కాలేదు. అంత పెద్దావిడ పొద్దున్నే స్నానం చేసి వచ్చి కూర్చుంటే, నేను భయం పేరు చెప్పి ఇంట్లో పడుకోవడం ఎలా?

ఒక మంగళవారం తేలాను. ఆ అమ్మాయి నా తల కింద అరచెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టింది. "పైన కప్పు రేకు చూడండి, చెవులు నీళ్ళలో వదిలెయ్యండి" అంది. చెవులు మునగగానే లోకం శబ్దమంతా ఆగిపోయింది. నా ఊపిరి నాకు వినిపించింది. చాలాసేపటికి, "చెయ్యి తియ్యమ్మా, నేను ప్రయత్నిస్తా" అన్నాను.

"ఎప్పుడో తీసేశానండీ" అంది నా కాళ్ళ దగ్గర నుంచి.

గట్టు మీద కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు, అత్తయ్య గొంతు: "తేలింది! మా కోడలు తేలింది!"

అక్కడి నుంచి దారి పడింది. తేలడం వచ్చాక కాళ్ళు, కాళ్ళు వచ్చాక చేతులు, అన్నిటికన్నా ఆలస్యంగా ఊపిరి. పక్కకి తల తిప్పి గాలి తీసుకోవడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఆగకుండా వెళ్ళిన రోజు ఆ అమ్మాయి విజిల్ గట్టిగా ఊదింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికి వచ్చి టిఫిను కూడా తినకుండా మా ఆయనకి పూస గుచ్చినట్టు చెప్పాను. ఆయన ఇడ్లీ చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు.

ఏడాది తిరిగేసరికి పదహారు కిలోలు తగ్గాను. మా ఆయన ఆ నల్ల డ్రెస్సు రెండుసార్లు బిగువు చేయించి తెచ్చాడు. షుగర్ మాత్ర సగానికి తగ్గించింది డాక్టరు. మోకాళ్ళు కొత్తవి కాలేదు, అరిగినవి అరిగినవే. కానీ పరుపు మీంచి లేవడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. నా ఒంట్లో కన్నా మనసులో వచ్చిన మార్పే చిత్రంగా తోచేది. కసురు తగ్గింది. ఒక కస్టమర్ యాభై చీరలు విప్పించి ఏదీ కొనకుండా వెళ్ళినా, "మళ్ళీ రండి" అనగలిగాను. భయపడుతూనే పది లెక్కపెట్టడం అలవాటైన మనిషికి కోపంతో పది లెక్కపెట్టడం ఏమంత కష్టం?

మరుసటి ఏడు చలికాలంలో ఆ అమ్మాయి ఒక కబురు తెచ్చింది. నదిలో ఈదేవాళ్ళంతా కలిసి ఒక ఆదివారం నది మధ్యలో ఉన్న ఐలాండ్ దగ్గర నుంచి మా వైపు ఘాట్ దాకా ఈదుతున్నారట. పోటీ కాదు, ఒడ్డు చేరిన అందరికీ సర్టిఫికెట్టు. పక్కన పడవలు ఉంటాయి, నడుముకి తేలే నారింజరంగు బుడగ కడతారు.

"పేరు ఇస్తున్నానండీ మీది" అంది.

"నదిలోనా? నేల అందదు కదమ్మా!"

"పూల్లో మీరు నేల మీద కాలు పెట్టి ఎన్నాళ్ళైంది ఆంటీ?"

ఆలోచిస్తే నిజమే. నెలల తరబడి పెట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున మంచు ఇంకా విడలేదు. పడవలో మమ్మల్ని ఐలాండ్ వైపుకి తీసుకెళ్ళారు. అరవై మందిమి ఉంటాం, ఎక్కువమంది కుర్రవాళ్ళే. ఆడవాళ్ళం తొమ్మిదిమంది. మాలో పెద్దదాన్ని నేను. నా పక్కన వచ్చే పడవ మా కోచ్ తండ్రిది. సన్నగా, మాటలు తక్కువ మనిషి. నన్ను చూసి, "అమ్మా, తొందరేం లేదు. నా పడవకి కూడా తొందర్లేదు" అన్నాడు.

నీళ్ళు చల్లగా కరిచాయి. మొదటి రెండు వందల బారలు బాగానే పడ్డాయి. కుర్రవాళ్ళు కనుచూపు మేర దాటిపోయారు. సగం దాటాక ఒకసారి కిందకి చూశాను. పూల్లో అడుగున నీలం పలకలు కనిపిస్తాయి. ఇక్కడ ఏమీ లేదు. పచ్చటి చీకటి. తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కసారిగా నా ఒంట్లోకి వచ్చేసింది. ఊపిరి అడ్డం తిరిగింది. చేతులు కొట్టుకోబోయాయి. పడవ అంచు చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఆయన తెడ్డు ఆపి నావైపే చూస్తున్నాడు, చెయ్యి మాత్రం చాపలేదు. నేను అడిగితేనే చాపుతాడని అర్థమైంది.

అడగలేదు. వెల్లకిలా తిరిగాను. చెవులు నీళ్ళలో వదిలేశాను. పైన ఎర్రగా తేలిపోతున్న మంచు. లెక్కపెట్టాను. పది, ఇరవై, నలభై. గుండె చప్పుడు నెమ్మదించింది. భయం ఎక్కడికీ పోలేదు, నా పక్కనే తేలుతూ ఉంది. ఉండనీ అనుకుని బోర్లా తిరిగాను.

"బాగుందమ్మా" అన్నాడాయన, తెడ్డు వేస్తూ.

ఒడ్డు చేరేసరికి మిగతావాళ్ళంతా టిఫిన్లు తిని చేతులు కడుక్కుంటున్నారు. అందరిలోకీ ఆఖరిదాన్ని. నన్ను చూసి మళ్ళీ గుమిగూడారు. కాళ్ళకి మెట్టు తగలగానే మా ఆయన ప్యాంటు తడుస్తున్నా మోకాలి లోతుకి వచ్చేశాడు. కొట్లోంచి తెచ్చిన కొత్త తువ్వాలు నా భుజాల చుట్టూ కప్పాడు, కంగారులో స్టిక్కర్ కూడా పీకలేదు. "చలేస్తోందా?" అన్నాడు. మా ఆయన కళ్ళు తడవడం నేను చూసింది అప్పుడొక్కసారే. అత్తయ్య పైమెట్టు మీద కుర్చీలో కూర్చుని, పక్కన ఎవరో తెలియనావిడకి నా చరిత్రంతా చెబుతోంది. "యాభై రెండు నిండాయమ్మా. మొన్నటిదాకా రాడ్ వదిలేది కాదు" అంటోంది.

నాలుగిడ్లీలు తిన్నాను, అల్లం పచ్చడితో. అంత రుచి ఎప్పుడూ తెలియలేదు.

ఆ సర్టిఫికెట్టు మీద నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మారుస్తామన్నారు, వద్దన్నాను. మా ఆయన ఫ్రేము కట్టించి కొట్లో, లక్ష్మీదేవి పటం పక్కన తగిలించాడు. చీరలు చూస్తూ చూస్తూ తల ఎత్తినవాళ్ళు, "ఇదేంటండీ?" అంటారు. చీర మడత అలాగే ఒళ్ళో ఉంచుకుని మొదలుపెడతాను. గొప్పలు చెప్పుకోకూడదని పెంచారు మమ్మల్ని. వంట గురించి, పిల్లల గురించి, వ్యాపారం గురించి నేనెప్పుడూ చెప్పుకోలేదు. ఈ ఒక్కటీ చెప్పుకుంటాను. అడిగినవాళ్ళకి చెబుతాను. అడగనివాళ్ళకి కూడా చెబుతాను. ఇప్పటికి నలుగురు మా బ్యాచ్‌లో చేరారు. వాళ్ళలో ఒకామె ఉయ్యూరు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వస్తుంది, ప్రస్తుతం రాడ్ పట్టుకుని పన్నెండు లెక్కపెడుతోంది.